తిత్తిలో ఊపిరి

పోయిన వారం అబునా హద్రా ఒక తోలుతిత్తిని కాలితో తన్నిన దగ్గర ఆగాం. తన్నడమంటే మాటవరసకి కాదు, నిజంగానే తన్నాడు. రాజుగారి విడిదిలో, శిలువ పండగకి చేరిన జనమంతా చూస్తుండగా.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. ఇథియోపియా కొండల మీద గురువులందరికీ పెద్దని అబునా అంటారు. ఆ పెద్ద మాత్రం ఆ దేశంవాడు కాకూడదు, ఈజిప్టు నుంచి రావాలి. వచ్చినవాడు మళ్ళీ వెనక్కి పోకూడదు. హద్రా అలా నైలు ఒడ్డు మఠం నుంచి వచ్చి రెండేళ్ళయింది. ఒక మనిషికి గురుపట్టం కట్టాలంటే అబునా చేతులు ఆ మనిషి తల మీద పడాలి. ఇంకెవరి చేతులూ పనికిరావు.

దక్షిణాన, నెల్లాళ్ళ నడక దూరంలో ఉన్న అడవి సీమ నుంచి జెమికాయెల్ అనే ముసలి గురువు ఒక ఎద్దుతోలు తిత్తిని వీపున వేసుకుని వచ్చాడు. అబునా అందులోకి ఊపిరి ఊదాలట. మూతి బిగించి దాన్ని మోసుకుపోయి, అక్కడ వరసగా నిలబడ్డవాళ్ళ ముఖాల మీద విప్పుతారట. దాంతో వాళ్ళు గురువులైపోతారట. అంత దూరం ఏ అబునా రాడు, అక్కడివాళ్ళందరూ ఇక్కడికి రాలేరు, కాబట్టి ఎప్పటినుంచో ఇదే పద్ధతి. హద్రాకి ఒళ్ళు మండిపోయింది. "గాలికి గురువులు పుట్టరు" అని కాలెత్తాడు.  ముసలాయన తిత్తిని ఎత్తుకుని, దుమ్ము దులిపి, మెల్లగా అడిగాడు. "మరి నేనెవర్ని, అబునా? నన్ను గురువుని చేసిందీ ఇట్లాంటి తిత్తే." హద్రా వెనుదిరిగి డేరాలోకి పోయాడు.

తెల్లవారేసరికి ఆ తిత్తి డేరాలోనే ఉంది. ఎవరో తెచ్చి మంచం పక్కనే పెట్టిపోయారు.

దాని వాసనకే హద్రాకి మెలకువ వచ్చింది. తోలు ఎండిపోకుండా వెన్న పూశారు. ఆ వెన్న నెల్లాళ్ళ దారిలో ముక్కిపోయింది. వెంట్రుకలు పూర్తిగా గీకలేదు, మూతి దగ్గర ఎద్దు మెడమీది బొచ్చు ఇంకా అంటుకునే ఉంది. ఆ మూతికి తన నోరు ఆనించాలి. తలుచుకుంటేనే నోట్లో నీళ్ళూరాయి, కడుపులో తిప్పినప్పుడు ఊరే నీళ్ళు.

బయటికి పోదామంటే బయట మాత్రం ఏముంది? వానలు మొదలైనప్పటి నుంచి రాజుగారి విడిది ఇక్కడే కూర్చుంది. ఆ రాజుకి ఊరంటూ లేదు, డేరాలే ఊరు. సైన్యం, గుర్రాలు, వంటవాళ్ళు, పాటగాళ్ళు, పెళ్ళాలు, పిల్లలు, అందరూ ఒకే గుట్ట చుట్టూ వానాకాలమంతా ఉంటే ఆ గుట్ట ఏమవుతుందో చెప్పాలా? చెట్టన్నది లేకుండా నరికి పొయ్యిలో పెట్టారు. కోసిన పశువుల ఎముకలు కోసిన చోటే పడున్నాయి. చీకటి పడితే దుమ్ములగొండులొచ్చి వాటి కోసం కొట్టుకుంటాయి. రోజూ పొద్దున్నే కొండ మీద పసుపుపచ్చ పూలు చూసి హద్రా మనసు కాస్త తేలికపడేది. ఈ పొద్దు అటు చూడాలని కూడా అనిపించలేదు.

"అబునా, లేచారా? లేవకపోతే లేవండి. దూడ ఇంకా వేడిగానే ఉంది."

వచ్చింది అబ్బా సెర్కె. రాజుగారి వేళలు చూసే గురువు. అంటే రాజుగారు ఎప్పుడు ప్రార్థన చెయ్యాలో, ఎప్పుడు ఎవర్ని చూడాలో తేల్చేది ఈయనే. సెర్కె సరేనంటే బిచ్చగాడి మొర కూడా రాజుగారికి వినిపిస్తుంది, కాదంటే సేనాపతి కూడా బయట నిలబడాల్సిందే. గుండ్రటి మనిషి. నవ్వుమొహం. తలపాగా కిందినుంచి వెన్న కారి చెవుల దాకా మెరుస్తుంటుంది. చేతిలో వెదురు పళ్ళెం, పళ్ళెంలో పుల్లట్టు, అట్టు మీద అప్పుడే కోసిన దూడ తొడకండ. ఆ కండ ఇంకా అదురుతోంది.

సెర్కె కింద కూర్చుని, ఒక పట్టీ చీల్చి, పిత్తం పిండిన రసంలో ముంచి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కత్తిని ముక్కు కిందనుంచి పైకి లాగి తెగ్గోసుకున్నాడు. రెండేళ్ళుగా చూస్తున్నా హద్రాకి ప్రతిసారీ ముక్కే తెగుతుందనిపిస్తుంది.

"తినండి."

"వద్దు."

"మీరెప్పుడూ వద్దే. పచ్చి మాంసం తినకపోతే కడుపులో పురుగులుండవు. పురుగులు లేకపోతే కొస్సో కషాయం తాగక్కర్లేదు. కొస్సో తాగకపోతే నెలకొక రోజు తలుపేసుకుని, ఇవాళ కడుపు శుభ్రం చేసుకుంటున్నా ఎవరూ రాకండని హాయిగా పడుకోవడం ఉండదు. మీ మొహం అందుకే అట్లా ఉంటుంది."

"నా మొహం సంగతి వదిలెయ్, సెర్కె. ఈ తిత్తిని ఇక్కడ పెట్టించింది నువ్వేనా?"

"నేనే. నిన్న తన్నారు. ఇవాళ ఊదుతారని." సెర్కె వేళ్ళు నాకి తలకి రాసుకున్నాడు. "చూడండి, అబునా. దక్షిణాది సీమ మనవైపు నిలబడి ఉందంటే ఈ తిత్తి వల్లే. గురువులు లేక గుళ్ళు మూతపడితే వాళ్ళు పక్క సుల్తాను వైపు తిరుగుతారు. మీకు పోయేదేముంది? నాలుగు ఊపిర్లు. కావాలంటే మూతికి కొత్త గుడ్డ చుట్టిస్తాను, దాని మీంచి ఊదండి."

"గుడ్డ సంగతి కాదు నేను చెప్పేది. గురుపట్టం గాలిలో పోదు. ఎదురుగా మనిషి ఉండాలి, తల మీద చెయ్యి ఉండాలి. నాకు ముందున్న అబునా దీనికి ఎట్లా ఒప్పుకున్నాడో నాకర్థం కాదు."

"ఆయన మంచివాడు. ఊదేవాడు. దగ్గు వచ్చినా ఊదేవాడు."

"అయితే ఆయన పాపం ఆయనది."

సెర్కె ఇంకో పట్టీ చీల్చాడు. నవ్వుతున్నాడు. అతనికి ఏదో చెప్పాలని ఉంది, చెప్పొచ్చా లేదా అని నాలుక మీద తిప్పుకుంటున్నాడు. అలాంటివాళ్ళు మనకీ తెలుసు కదా. దాచుకున్న మాట వాళ్ళకి నోట్లో బెల్లంముక్క, ఎంతోసేపు మింగకుండా ఉంచుకోలేరు.

"ఆయన పోయాక మీరు వచ్చేదాకా ఆరేళ్ళు పట్టింది. దారిలో ఎడారి, సుల్తాను మనుషులు, ఒకటా రెండా. ఆ ఆరేళ్ళూ దక్షిణాది నుంచి తిత్తులు వస్తూనే ఉన్నాయి. అవి ఖాళీగా వెనక్కి పోయాయనుకుంటున్నారా?"

హద్రాకి వెంటనే అందలేదు. "అబునా లేకుండా ఎవరు ఊదారు?"

"నేను."

డేరా గుడ్డ గాలికి టపటపలాడింది. సెర్కె నమిలేది మింగి, తీరిగ్గా చెప్పుకుపోయాడు.

"అబునా పోయాడని దక్షిణాదికి చెప్పలేదు. అడిగినప్పుడల్లా కొస్సో తాగి పడుకున్నారన్నాం. ఈ దేశంలో ఆ మాట అన్నాక ఎవరూ డేరా ఎత్తి చూడరు. మొదటి రెండు తిత్తులూ నేనే ఊదాను. మేకతోలైతే సరే, ఇది ఎద్దుతోలు. దవడలు పడిపోయాయి, కళ్ళు బైర్లు కమ్మాయి. అందుకని మూడోదానికి కమ్మరి కొలిమితిత్తి తెప్పించాను. నాలుగు దెబ్బలు కొడితే బిర్రుగా నిండింది. నాకే బుద్ధిలేక అంతకుముందు అంత అవస్థపడ్డాను."

"కమ్మరికి తెలుసా?"

"తెలిస్తే ఏం? వాడితో ఎవరు కూర్చుంటారు, వాణ్ణి ఎవరడుగుతారు? రాత్రయితే దుమ్ములగొండిగా మారతాడని వాడి గడప కూడా తొక్కరు. రహస్యం దాచాలంటే వాడికంటే మంచి చోటు లేదు."

హద్రా తిత్తికేసి చూశాడు. "జెమికాయెల్ ఏ తిత్తి?"

సెర్కె కళ్ళు పైకెత్తి ఆలోచించాడు. "ఆ ముసలాయనా? నాలుగేళ్ళ కిందటి జట్టు కదూ. అయితే కొలిమిదే."

హద్రా లేచి నిలబడ్డాడు. నిలబడి ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ వెన్న కారే మొహం మీద కొట్టాలనిపించింది. అబునా చెయ్యి ఆశీర్వదించేదే కానీ కొట్టేది కాదు, ఆ సంగతి సెర్కెకి బాగా తెలుసు.

"నీకు అసహ్యం వెయ్యలేదూ? కాస్తయినా?"

అప్పుడు మాత్రం సెర్కె నవ్వు ఆగింది.

"నాకు దేనిమీద అసహ్యమో చెప్పమంటారా? మీ ఈజిప్టు అక్షరం ముక్క పుట్టకముందు నుంచీ మా తాతలు ఈ కొండల్లో రాళ్ళు తొలిచి గుళ్ళు కట్టారని మావాళ్ళంటారు. అది వదిలెయ్యండి. ఇంతమంది మఠాల్లో కూర్చుని ఎముకలయ్యేదాకా ఉపవాసాలుంటే, మాలో ఒక్కడి ఊపిరీ పనికిరాదట. ఒక్కడి చెయ్యీ చాలదట. మీ ఊరి నుంచే రావాలట. వచ్చినవాడికి మా కూడు పడదు, మా నీళ్ళు పడవు, మా వాసన పడదు. రెండేళ్ళుగా మీరు మమ్మల్ని ఎట్లా చూస్తున్నారో మాకు కనపడదనుకున్నారా? అందుకే ఊదాను. ఊదినప్పుడు నాకు ఒక్క క్షణం కూడా తప్పనిపించలేదు. కొలిమితిత్తి తెప్పించినప్పుడు మాత్రం కొంచెం అనిపించింది."

 ఆ మాటల్లో సగం నిజమని హద్రాకి తెలుసు. ఈ దేశంవాడు అబునా కాకూడదన్న రాత రాసింది తనవాళ్ళే, అది ఎవరి మేలుకో మఠంలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. రెండేళ్ళుగా తాను ముక్కు మూసుకుని తిరుగుతున్నాడన్నదీ నిజమే. సెర్కెని చూస్తే రోత పుట్టింది, తనని తాను చూసుకుంటే అంతకంటే ఎక్కువ పుట్టింది.

"ఈ పూట కొలువులో అడుగుతారు," సెర్కె పళ్ళెం ఎత్తుకుంటూ అన్నాడు. "ఊదుతానని చెప్పండి. మీరు నిజం ఊపిరే ఊదండి, నాకేం. ముసలాయన సంతోషంగా పోతాడు. కాదంటే ఉత్తరాన ఒక కొండుంది. తాడు కట్టి పైకెక్కిస్తారు. తర్వాత తాడు తీసేస్తారు."

అతను వెళ్ళీ వెళ్ళగానే హద్రా డేరా వెనక్కి పరిగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. లేనిది కూడా కక్కాడు. మోకాళ్ళ మీద వంగి రొప్పుతుంటే ఎవరిదో గరుకు చెయ్యి నుదురు పట్టుకుంది. ఇంకో చెయ్యి సొరకాయ బుర్రతో నీళ్ళు అందించింది.

జెమికాయెల్. రాత్రంతా డేరా వెనకే పడుకున్నట్టున్నాడు, బట్టకి గడ్డి అంటుకుని ఉంది.

"పుక్కిలించండి, అబునా. ముందే మింగకండి."

హద్రా పుక్కిలించాడు. ముసలాయన మూటలోంచి వేయించిన యవలు తీసి దోసిట్లో పోశాడు. హద్రా ఒకటీ రెండూ నోట్లో వేసుకున్నాడు. పొద్దుటినుంచి ఈ విడిదిలో శుభ్రంగా అనిపించిన తిండి ఇదొక్కటే.

"పచ్చి మాంసం నాకూ పడదు," జెమికాయెల్ పక్కనే చతికిలబడ్డాడు. "మా సీమలో అరటిలాంటి చెట్టొకటుంది. దాని మొద్దు తురిమి గోతిలో పాతిపెట్టి, పులిశాక తీసి రొట్టె కాలుస్తాం. తింటే బావుంటుంది. గొయ్యి తీసినప్పుడు మాత్రం మీరు అటువైపు రాకండి, మళ్ళీ ఇదే పని అవుతుంది."

హద్రాకి నవ్వొచ్చింది. నవ్వాక గుండె మరీ బరువెక్కింది. పక్కన కూర్చున్న ఈ మనిషి మొహం మీద ఏ గాలి విప్పారో తనకి తెలుసు. ఈయనకి తెలియదు.

"నిన్న తన్నాను. తప్పు చేశాను, పెద్దాయనా."

"తిత్తే కదా. దానికేం నెప్పి." ముసలాయన బట్టకంటిన గడ్డి దులుపుకున్నాడు. "అబునా, అది విప్పిన రోజు నాకింకా గుర్తే. నాలుగోవాణ్ణి నేను. మూతి నా మొహానికి పెట్టి తాడు వదిలారు. వెచ్చగా కొట్టింది గాలి. వెన్న వాసనా, ఇంకేదో కాలిన వాసనా వచ్చింది. దేవుడి మంట అదే కాబోలనుకున్నాను. ఏడ్చేశాను. అప్పటికి నాకు మనవలున్నారు, నలుగురి ముందు అట్లా ఏడ్చాను."

కాలిన వాసన. బొగ్గు వాసన అది. హద్రా యవల గింజలు పిడికిట్లో బిగించాడు.

"నేను చదువుకున్నవాణ్ణి కాను," జెమికాయెల్ అన్నాడు. "నిన్న మీరన్న మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. గాలికి గురువులు పుట్టరన్నారు. అయితే నేను కాదన్నమాటేగా. కాకపోతే కాదని చెప్పండి, నేను ఏడవను. కానీ ఒకటుంది. మొన్న వానలకి ముందు మా ఊళ్ళో కవలలు పుట్టారు. నెలలు నిండకుండా పుట్టారు, బతకరని తెలిసిపోయింది. తల్లి నా కాళ్ళు పట్టుకుంది. గబగబా బాప్తిస్మం ఇచ్చాను. నా చేతుల్లోనే పోయారు. పరలోకానికి పోయారమ్మా, ఏడవకు అన్నాను. నేను గురువుని కాకపోతే ఆమెకి చెప్పింది అబద్ధమేగా? తిరిగిపోయి ఏం చెప్పమంటారు?"

హద్రా నోరు తెరిచాడు. ఎంత తేలిగ్గా చెప్పొచ్చు. మీరు గురువే, నిన్న కోపంలో అన్నాను, పోయిరండి అంటే చాలు. ముసలాయన లేచి చేతిశిలువ ముద్దుపెట్టుకుని వెళ్ళిపోతాడు. ఆ తల్లి నిద్రపోతుంది. సెర్కె ఇంకో దూడ కోస్తాడు. తాడు కట్టే కొండ ఉన్నచోటే ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అది సెర్కె పళ్ళెంలోని ముక్కలాగే ఉంది. పైకి మెరుస్తోంది, లోపల పచ్చి. నమలడానికి నోరు రాలేదు.

"కొలువులో చెప్తాను," అన్నాడు చివరికి. "అందరి ముందే చెప్తాను."

రాజుగారి పెద్ద డేరాలో అప్పటికే జనం నిండిపోయారు. అందరూ నడుం దాకా బట్ట దించుకుని, చెప్పుల్లేకుండా, చూపులు నేలకేసి నిలబడ్డారు. డేరా చివర ఎర్ర తెర. తెర వెనక రాజుగారు. ఏడాదికి మూడు పండగల్లో తప్ప ఆయన మొహం ఎవరికీ కనపడదు. ఆయన మాట కూడా ఎవరికీ వినపడదు. తెర అంచున నిలబడ్డ ఒక సన్నటి మనిషి చెవి లోపలికి పెట్టి విని, బయటికి చెబుతాడు. అతన్ని రాజుగారి నోరు అనే పిలుస్తారు. పాపం, అతనికి సొంత పేరొకటి ఉందన్నది అతని పెళ్ళానికైనా గుర్తుందో లేదో.

సెర్కె తెరకి కుడివైపున నిలబడి ఉన్నాడు. ఏదో నములుతున్నాడు. తిత్తిని మధ్యలో గడ్డి మీద పెట్టారు. దాని పక్కన జెమికాయెల్.

"రాజుగారు అడుగుతున్నారు," అన్నాడు ఆ సన్నటి మనిషి. "అబునా తిత్తిని నింపుతారా?"

"నింపను."

జనంలో చిన్న కదలిక. ఆ మనిషి తెర వెనక్కి వంగి విన్నాడు.

"నీకు ముందున్నవాళ్ళు నింపారు. నీకెందుకు కుదరదని రాజుగారు అడుగుతున్నారు."

"నాకు ముందున్న అబునా నింపాడు. అది ఆయన దేవుడితో తేల్చుకుంటాడు." హద్రా తన ఈజిప్టు యాసలోనే, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "కానీ ఆయన పోయాక ఆరేళ్ళు ఈ దేశంలో అబునా లేడు. ఆ ఆరేళ్ళూ తిత్తులు నిండి దక్షిణాదికి పోయాయి. వాటిని నింపింది అబ్బా సెర్కె. నోరు నొప్పిపుట్టాక కమ్మరి కొలిమితిత్తితో నింపించాడు. ఇవాళ పొద్దున నా డేరాలో కూర్చుని, మాంసం తింటూ, తన నోటితోనే చెప్పాడు."

ఒక్కసారిగా డేరా అంతా థూ థూ అని ఉమ్మిన చప్పుడు. పెద్దలూ, సేనానులూ, గురువులూ, అందరూ నేలమీద ఉమ్మారు. "కమ్మరి గాలా?" అన్నారొకరు. "దుమ్ములగొండి ఊపిరి తాగించాడా మనవాళ్ళకి?" అన్నారింకొకరు. ముందు వరసలోవాళ్ళు జెమికాయెల్ నుంచి దూరం జరిగారు, అంటుకుంటే తమకీ ఏదో అవుతుందన్నట్టు.

హద్రాకి మతిపోయింది. ఆరేళ్ళ మోసం గురించి ఒక్కరికీ పట్టలేదు. చచ్చిన మనిషి బతికున్నాడని చెప్పినందుకు ఒక్కరూ ఉమ్మలేదు. ఎక్కడో గుడిసెలో ఇనుము కాల్చుకుంటూ, ఎవరి జోలికీ పోని ఒక కమ్మరిని తలుచుకుని ఉమ్ముతున్నారు. కాసేపటికి ఈ మూకలో సగంమంది వాడి గుడిసెకి నిప్పుపెట్టడానికి పోతారు. 

"నోళ్ళు ముయ్యండి," అని అరిచాడు. అబునా అరవగా ఎవరూ విని ఎరగరు.  "కమ్మరి చేసిన తప్పు లేదు. వాణ్ణి కొట్టమంటే కొట్టాడు. ఈ పెద్దాయన చేసిన తప్పు అసలే లేదు. తప్పు ఆ నమిలే నోటిది."

సెర్కె నమలడం ఆపలేదు. భుజాలు ఎగరేశాడు. ఆ మొహంలో భయం లేదు. నీ మాటకి నా మాటే ఎదురు, చూద్దాం అన్నట్టుంది.

రాజుగారి నోరు మళ్ళీ వంగి, లేచాడు.

"అయితే ఈ దక్షిణాది మనిషి గురువా, కాదా? ఒక్కమాటలో చెప్పమంటున్నారు."

హద్రా జెమికాయెల్ వైపు తిరిగాడు. ముసలాయన సూటిగా చూస్తున్నాడు. చెప్పండి, ఏడవను అన్నాను కదా, అన్నట్టు తల చిన్నగా ఊపాడు.

"కాదు," అన్నాడు హద్రా.

జెమికాయెల్ కళ్ళు మూసుకున్నాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి, గురువులు మాత్రమే కట్టే తెల్ల తలపాగా విప్పడం మొదలుపెట్టాడు. పొడుగు బట్ట, విప్పుతుంటే తరగడం లేదు. చివరికి బట్టతల బయటపడింది. అంతమంది మధ్య ఆ తల చిన్నపిల్లాడి తలలా ఉంది. బట్టని మడతపెట్టి తిత్తి మీద పెట్టాడు. హద్రా గబగబా దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దాయనా, ఇవాళే మీకు పట్టం కడతాను. నా చేతులతో, నిజంగా. మీ సీమకి కూడా నేనే వస్తాను, నడిచి వస్తాను."

"నా సంగతి తర్వాత, అబునా." ముసలాయన గొంతు సన్నగా ఉంది, కానీ వణకడం లేదు. "నేను తడిపినవాళ్ళ సంగతి ముందు చూడాలి. వాళ్ళంతా ఇప్పుడు బాప్తిస్మం లేనివాళ్ళేగా?"

హద్రా తల వంచుకున్నాడు. అవునని అర్థం.

"అయితే మళ్ళీ ఇవ్వాలి, బతికున్నవాళ్ళకైనా." జెమికాయెల్ వేళ్ళు మడుస్తూ తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. "ఏరు దాటాక వెలెత్త పిల్లలు ముగ్గురు. తేనె తీసే గెబ్రు కొడుకు. కుంటి జొమ్ర కూతురు, దానికి ఈమధ్యే పెళ్ళి కూడా చేశాను, అదీ చెల్లదన్నమాట. వంతెన దగ్గర దొరికిన పసిపాప. ఆ తర్వాత రాజుగారి దండు మా సీమకి వచ్చి ఏటి ఒడ్డున దిగినప్పుడు, నలభయ్యో రోజని రాణిగారి బిడ్డని తెచ్చారు. దగ్గర్లో ఇంకో గురువు లేడన్నారు. వాడు చల్లనీళ్ళు పడగానే నా గడ్డం పట్టుకుని పీకాడు. మగబిడ్డ. ఆ తర్వాత మిరియాల తోట దగ్గర..."

ఆయన చెప్పుకుపోతూనే ఉన్నాడు. మిరియాల తోట దగ్గర ఎవరో, పేరు కూడా చెప్పాడు. ఎవరూ వినలేదు.

రాజుగారికి కూతుళ్ళు చాలామంది. కొడుకు ఒక్కడే. బాప్తిస్మం లేనివాడి తల మీద అబునా తైలం పొయ్యకూడదు, తైలం పడని తల మీద ఆ దేశపు కిరీటం నిలవదు. ఇప్పుడు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చినా, కమ్మరి గాలి సోకిన బిడ్డన్న మాట వాణ్ణి వదలదు. ఆ డేరాలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

సెర్కె నమలడం ఆగిపోయింది. దవడ అలాగే వేలాడింది. దండుతో పాటు ఆ ఏటి ఒడ్డుకి వెళ్ళి, మంచి గురువు దొరికాడని ఆ ముసలాయన్ని రాణి డేరాకి పంపించింది తానేనని అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

రాజుగారి నోరు తెర వైపు వంగాడు. విన్నాడు. మళ్ళీ వంగాడు. ఈసారి లేచాక ఏమీ చెప్పలేదు, పక్కకి తప్పుకుని నేలమీద బోర్లా పడ్డాడు. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే ఒక చెయ్యి వచ్చి ఎర్ర తెరని పక్కకి లాగింది.

జనమంతా ధబాలున నేలకి అతుక్కుపోయారు. నిలబడింది ఇద్దరే. ఒకరు హద్రా, అబునా ఎవరికీ సాగిలపడడు. ఇంకొకరు జెమికాయెల్, ఆయనకి ఇక్కడి పద్ధతులు తెలియవు.

దగ్గర నుంచి చూస్తే రాజుగారు అనుకున్నదానికంటే చిన్నవాడు. కళ్ళ కింద నలుపు, రాత్రి నిద్రలేనట్టు. సెర్కెని చూడలేదు. తిత్తినీ చూడలేదు. మెట్టు దిగి వచ్చి హద్రాకి చేతికందేంత దగ్గరలో నిలబడ్డాడు. ఈ రెండేళ్ళలో హద్రా ఎప్పుడూ వినని గొంతుతో, ఒక తండ్రి వైద్యుణ్ణి అడిగినట్టు మెల్లగా అన్నాడు.

"అబునా, నేను సరిగ్గా వినలేదనుకుంటాను. ఇంకొకసారి చెప్పు. ఈ పెద్దాయన గురువా, కాదా?"

పొద్దున ఒక తల్లి నిద్ర కోసం, ఇద్దరు కవలల కోసం చెప్పలేకపోయిన అబద్ధం అది. ఇప్పుడు దాన్నే రాజు అరచేయి చాపి అడుగుతున్నాడు. జెమికాయెల్ బట్టతలతో నిలబడి, మళ్ళీ హద్రా మొహంలోకి చూస్తున్నాడు. ఈసారి ఆయన తల ఊపలేదు.